ట్యాపెట్ చప్పుడు: స్పానర్ పట్టే ముందు

నాగోల్ అనగానే ఇప్పుడు చాలామందికి మెట్రో స్టేషన్ గుర్తొస్తుంది. 2017 నవంబర్‌లో మియాపూర్ నుంచి నాగోల్ దాకా రైలు మొదలయ్యాక ఈ పేరు ఊరంతటికీ తెలిసింది. లైసెన్సు కోసం తిరిగినవాళ్లకు ఇక్కడి డ్రైవింగ్ టెస్ట్ ట్రాక్ గుర్తొస్తుంది. నాకు మాత్రం నాగోల్ అంటే పొద్దున పూట స్టార్టయ్యే బండ్ల చప్పుడు. ఇటు దిల్‌సుఖ్‌నగర్ నుంచి అటు ఎల్బీనగర్ దాకా ఉన్న గల్లీల్లో ఇళ్ల ముందు గుడ్డ కప్పిన పాత కార్లు ఇంకా కనిపిస్తాయి. ఒకచోట అంబాసిడర్, ఒకచోట పద్మిని, సందుకో మారుతి 800. నాన్న కొన్నదని ఉంచుకున్నవాళ్లున్నారు, ఇష్టపడి వెతికి కొనుక్కున్నవాళ్లున్నారు. అలా పాత బండిని కాపాడుకుంటున్నవాళ్ల కోసమే ఈ నాలుగు మాటలు.

ఓ ఆదివారం పొద్దున మా వాకిట్లోకి ఒక కుర్రవాడు కారు తెచ్చి ఆపాడు. 2000 తర్వాత వచ్చిన పెట్రోలు బండి, సెకండ్ హ్యాండ్‌లో కొన్నాడు. బానెట్ కింద నుంచి టకటకమని చప్పుడు. “అంకుల్, ట్యాపెట్ సెట్టింగ్ అని రెండుసార్లు పైసలు కట్టిన. ఇంటికొచ్చేసరికి మళ్ల అదే సౌండ్” అన్నాడు. బానెట్ ఎత్తి చూశాను. ట్యాపెట్ కవర్ అంచు చుట్టూ కొత్తగా పూసిన గ్యాస్కెట్ గమ్ము కనిపించింది. అంటే కవర్ విప్పిన మాట నిజమే. మళ్లీ విప్పి చూస్తే లోపల తిప్పడానికి స్క్రూ లేదు, లాక్‌నట్ లేదు, మార్చడానికి షిమ్ బిళ్ల కూడా లేదు. అది హైడ్రాలిక్ ట్యాపెట్ల ఇంజన్. అక్కడ సెట్టింగ్ చేయడానికేమీ ఉండదు. డిప్‌స్టిక్ తీసి తుడిచి మళ్లీ పెట్టి చూశాను. నూనె కింది గీతకు కూడా అందలేదు, ఉన్న కొంచెమూ తారులా నల్లబడి ఉంది. నూనె, ఫిల్టరు మార్చి, పుస్తకంలో చెప్పిన గ్రేడు పోయించాను. నాలుగు రోజులు తిరిగేసరికి చప్పుడు సద్దుమణిగింది.

ఆ కుర్రవాడి పైసలు పోతే పోయాయి. ఇంకొకరివి పోకూడదు. పైసలకన్నా ముఖ్యం, ఇంజన్ పోకూడదు. అందుకని ఈ రోజు ఒకే ఒక్క విషయం చెబుతాను: మీ బండిలో ఉన్నవి హైడ్రాలిక్ ట్యాపెట్లా, మామూలు సాలిడ్ ట్యాపెట్లా అన్నది ఎలా తేల్చుకోవాలి? పుస్తకాల్లో వీటిని లిఫ్టర్లు అంటారు. మన షెడ్లలో అన్నిటికీ కలిపి ట్యాపెట్ అన్న మాటే నడుస్తుంది కాబట్టి నేనూ అదే వాడతాను.

ట్యాపెట్ సెట్టింగ్ అంటే ఒక సన్నని గ్యాప్ పెట్టడమే. ముందు అసలు ఆ గ్యాప్ ఎందుకో చూద్దాం. ఇంజన్‌లో క్యామ్ షాఫ్ట్ తిరుగుతుంది. దాని మీదున్న ఉబ్బు ట్యాపెట్‌ను ఎత్తుతుంది, ఆ కదలిక వాల్వ్‌ను తెరుస్తుంది. ఉబ్బు దాటిపోగానే స్ప్రింగు వాల్వ్‌ను మూసేస్తుంది. ఇంజన్ వేడెక్కితే వాల్వ్ కాడ కూడా వేడెక్కి సాగుతుంది. ఆ సాగడానికి చోటు వదలకపోతే వాల్వ్ తన సీటు మీద పూర్తిగా కూర్చోదు. ఎగ్జాస్ట్ వాల్వ్ సంగతి మరీ కష్టం. నిప్పులాంటి పొగ దాని పక్క నుంచే పోతుంది. సీటుకు ఆనుకున్న ఆ కాసేపట్లోనే అది తన వేడిని హెడ్‌కు అప్పగించి చల్లబడాలి. ఆనుకోవడం కుదరకపోతే అంచు కాలిపోతుంది. కంప్రెషన్ పడిపోతుంది, హెడ్ దించాల్సి వస్తుంది. ఇదంతా జరగకుండా ఉండటానికే ఆ సన్నని గ్యాప్.

సాలిడ్ ట్యాపెట్ అంటే ఒకే ఇనుప ముక్క. దానికి గ్యాప్ మనం చేత్తో పెట్టాలి, అరుగుదలను బట్టి మళ్లీ మళ్లీ చూసుకోవాలి. హైడ్రాలిక్ ట్యాపెట్‌లో లోపల చిన్న పిస్టన్, దాని కింద స్ప్రింగు, ఒక చిన్న గుండుతో మూసుకునే ద్వారం ఉంటాయి. ఇంజన్ నూనె ఒత్తిడితో లోపలికి వస్తుంది. క్యామ్ ఎత్తగానే గుండు ద్వారాన్ని మూసేస్తుంది. లోపల చిక్కిన నూనె నలగదు కాబట్టి మొత్తం ఒక గట్టి ముక్కలా పనిచేస్తుంది. వాల్వ్ మూసుకున్నాక ఏ కాస్త సందు మిగిలినా స్ప్రింగు పిస్టన్‌ను జరిపి ఆ సందును నింపేస్తుంది. గ్యాప్ సున్నా, చప్పుడు తక్కువ, సెట్టింగ్ పని లేదు. ఇది కొత్త సంగతేం కాదు. అమెరికాలో కాడిలాక్ 1930లో తెచ్చిన 16 సిలిండర్ల కారులోనే నూనె ఒత్తిడితో గ్యాప్ సర్దే ఏర్పాటు ఉంది. మన రోడ్ల మీద మాత్రం చాలాకాలం సాలిడ్ ట్యాపెట్లదే రాజ్యం.

ఇక గుర్తుపట్టే పద్ధతులకు వద్దాం. మొదటిది పుస్తకం. బండితో వచ్చిన ఓనర్స్ మాన్యువల్‌గానీ, సర్వీస్ మాన్యువల్‌గానీ దొరికితే వాల్వ్ క్లియరెన్స్ అన్న వరుస కోసం చూడండి. ఇన్‌లెట్‌కు ఇంత, ఎగ్జాస్ట్‌కు ఇంత అని మిల్లీమీటర్లలో అంకెలుండి, ఇన్ని కిలోమీటర్లకోసారి చూడమని రాసి ఉంటే అది సాలిడ్. బానెట్ లోపలి వైపు అతికించిన స్టిక్కరు మీద కూడా ఒక్కోసారి ఈ అంకెలుంటాయి. సర్వీసు పట్టికలో ఆ వరుసే లేకపోతే హైడ్రాలిక్ అయ్యుండొచ్చని అనుకోండి. అప్పుడే ఖాయం చేసుకోవద్దు.

రెండోది చెవి. రాత్రంతా ఆగి ఉన్న బండిని పొద్దున స్టార్ట్ చేయండి. సాలిడ్ ట్యాపెట్లయితే కుట్టు మిషన్ నడిచినట్టు సన్నని టిక్‌టిక్ మొదటి క్షణం నుంచి ఒకే తీరుగా వినిపిస్తుంది. యాక్సిలరేటర్‌తో పాటు వేగం పెరుగుతుంది, వేడెక్కినా పూర్తిగా పోదు. హైడ్రాలిక్ అయితే స్టార్టవగానే కాసేపు టకటకలాడి, నూనె ఒత్తిడి అందగానే నిశ్శబ్దమైపోతుంది. పొడవాటి స్క్రూడ్రైవర్ కొన ట్యాపెట్ కవర్ మీద ఆనించి, పిడి చెవి దగ్గర పెట్టుకుంటే చప్పుడు ఎక్కడి నుంచో ఇంకా బాగా తెలుస్తుంది. ఫ్యాన్ బెల్టుకు దూరంగా ఉండండి, వేలాడే బట్టలు, కండువాలు తీసేయండి.

చెవి ఒక్కదాన్నే నమ్మితే మోసపోతాం. ఎగ్జాస్ట్ మ్యానిఫోల్డ్ గ్యాస్కెట్ పోయిన బండి కూడా పొద్దున టకటకమని, వేడెక్కాక ఇనుము సాగి ఆ సందు మూసుకుంటే చప్పుడు ఆపేస్తుంది. ఎంపీఎఫ్ఐ బండ్లలో ఇంజెక్టర్లు కూడా టిక్‌టిక్‌మంటాయి. అందుకే మూడో పద్ధతి: కవర్ విప్పి కళ్లతో చూడటం, వేళ్లతో తాకడం.

ఈ పని అంబాసిడర్ మీద ఎలా ఉంటుందో చెబుతాను, మిగతావి దాన్ని బట్టి అర్థమవుతాయి. 1959 నుంచి అంబాసిడర్‌లో వచ్చినది బీఎంసీ బీ-సిరీస్ ఇంజన్, 1489 సీసీ. దశాబ్దాలపాటు టాక్సీలుగా, సర్కారు బండ్లుగా తిరిగింది అదే. ట్యాపెట్ కవర్ మీద రెండే రెండు నట్లుంటాయి. అవి తీసి, కవర్‌ను నెమ్మదిగా కదిపి ఎత్తితే పొడవాటి షాఫ్ట్ మీద వరుసగా ఎనిమిది రాకర్లు కనిపిస్తాయి. ప్రతి రాకర్‌కు ఒకవైపు కింద వాల్వ్ స్ప్రింగు, మరోవైపు కింద నుంచి వచ్చే పుష్‌రాడ్. పుష్‌రాడ్ వైపు తల మీద గాటున్న స్క్రూ, దాన్ని బిగించి పట్టే లాక్‌నట్. ఈ స్క్రూ, నట్ కనిపించాయంటే మన దేశపు పాత బండ్లలో దాదాపు ఖాయంగా అది సాలిడ్ ట్యాపెట్.

ఇక వేళ్ల పరీక్ష. ఇంజన్ ఆపి, గేరు న్యూట్రల్‌లో పెట్టి, హ్యాండ్‌బ్రేక్ వేసి, స్పార్క్ ప్లగ్గులు తీసేస్తే ఇంజన్ చేత్తో తేలిగ్గా తిరుగుతుంది. ఏ వాల్వ్‌ను చూడాలో అది పూర్తిగా మూసుకున్న స్థితిలో ఉండాలి. ఎనిమిది వాల్వులకు మేస్త్రీలు పాటించే తొమ్మిది లెక్క ఉంది. ఒకటో వాల్వ్ పూర్తిగా కిందికి దిగి తెరుచుకున్నప్పుడు ఎనిమిదోదాన్ని చూడాలి. రెండోది తెరుచుకుంటే ఏడోది, మూడోదానికి ఆరోది, నాలుగోదానికి ఐదోది. ఎటు కూడినా తొమ్మిది రావాలి. అలా మూసుకున్న వాల్వ్ రాకర్‌ను వేలితో పైకీ కిందికీ కదిపితే సన్నగా టక్కుమని ఆడుతుంది. పుష్‌రాడ్‌ను రెండు వేళ్లతో పట్టుకుని తిప్పితే సులువుగా తిరుగుతుంది. గ్యాప్ కొలిచే ఫీలర్ గేజ్ రేకు రాకర్‌కూ వాల్వ్ కొసకూ మధ్య దూరుతుంది. బీ-సిరీస్‌కు చెప్పే గ్యాప్ 15 థౌ, అంటే అంగుళంలో వెయ్యి వంతుల్లో పదిహేను వంతులు, మిల్లీమీటర్లలో 0.38. రేకు లాగితే దస్తా మధ్యలోంచి ఒక కాగితం లాగినట్టుండాలి. మరీ జారిపోకూడదు, పట్టేసుకోకూడదు.

అదే హైడ్రాలిక్ అయితే రాకర్ ఆడదు. రేకు దూరదు. బొటనవేలితో గట్టిగా నొక్కి పట్టుకుంటే, నూనె కారిపోయిన ట్యాపెట్ మెత్తగా, నెమ్మదిగా కిందికి దిగుతుంది. నూనె నిండుగా ఉన్నది వేలికి లొంగదు, అయినా గ్యాప్ ఉండదు. ఒక్క వాల్వ్ దగ్గర చూసి తీర్పు చెప్పకండి. ఎవరో అతిగా బిగించిన సాలిడ్ ట్యాపెట్‌కు కూడా గ్యాప్ కనపడదు. అన్నిటినీ వరుసగా చూడండి. ట్యాపెట్‌నే బయటికి తీసే అవకాశముంటే సందేహం పూర్తిగా తీరుతుంది. సాలిడ్‌ది గిన్నెలాగానో, దిమ్మలాగానో ఒకే ముక్క. హైడ్రాలిక్‌కు పక్కన నూనె రంధ్రం, లోపల పిస్టన్, చాలావాటికి అది బయటికి రాకుండా పట్టుకునే తీగ క్లిప్పు ఉంటాయి. తీసినవాటిని ఏ చోటివి ఆ చోటే పెట్టాలి. ప్రతి ట్యాపెట్ తన క్యామ్ ఉబ్బుకు అలవాటుపడి అరిగి ఉంటుంది. తారుమారు చేస్తే రెండూ పాడవుతాయి.

ఇక్కడ మంచి మేస్త్రీలు కూడా పడే గోతులు రెండున్నాయి, జాగ్రత్తగా వినండి. మొదటిది: స్క్రూ లేనంత మాత్రాన హైడ్రాలిక్ అనుకోవద్దు. 2008 తర్వాత వచ్చిన మారుతి కే10బీ ఇంజన్ కవర్ విప్పితే స్క్రూలు కనపడవు. క్యామ్ నేరుగా గిన్నెలాంటి ట్యాపెట్ మీద కూర్చుని ఉంటుంది. అయినా అది సాలిడే. గ్యాప్ మారాలంటే వేరే మందం ఉన్న ట్యాపెట్ వేయాలి. కొన్ని ఇంజన్లలో గిన్నె మీద బిళ్లలాంటి షిమ్ మారుస్తారు. అలాంటిచోట ఫీలర్ గేజే తేల్చాలి.

రెండోది: నట్ ఉన్నంత మాత్రాన సాలిడ్ అనుకోవద్దు. పాత అమెరికన్ షెవర్లేలను పోషించుకునేవాళ్లు దీన్ని బాగా గుర్తుంచుకోవాలి. 1955లో వచ్చిన షెవర్లే వీ8 ఇంజన్‌లో ప్రతి రాకర్‌కూ బిగించే నట్ ఉంటుంది. ఆటోమేటిక్ గేర్‌బాక్స్‌తో వచ్చినవాటిలో హైడ్రాలిక్, చేతి గేర్లతో వచ్చినవాటిలో సాలిడ్ వేశారు. పైనుంచి చూస్తే రెండూ ఒకేలా ఉంటాయి. ఆ నట్‌ను హైడ్రాలిక్‌కు బిగించే తీరు వేరు. సందు సున్నా అయ్యాక పుస్తకం చెప్పినంత ఇంకా బిగించి, పిస్టన్‌ను దాని కదలిక మధ్యలోకి తేవాలి. అదే బిగింపు సాలిడ్‌కు పెడితే వాల్వ్ మూసుకోదు, కాలిపోతుంది.

మన ఊళ్లో తిరిగే బండ్ల సంగతి ఇంకాస్త చెబుతాను. పద్మిని ఇంజన్ 1089 సీసీ, పుష్‌రాడ్లు, సాలిడ్ ట్యాపెట్లు. 1985లో వచ్చిన ప్రీమియర్ 118 ఎన్ఈలో ఉన్నది నిస్సాన్ ఇంజన్, అదీ సాలిడే. 1983 డిసెంబర్‌లో మొదలైన మారుతి 800లో క్యామ్ పైన ఉన్నా, రాకర్లకు స్క్రూలు, లాక్‌నట్లు ఉంటాయి. 1998లో మనకొచ్చిన హోండా సిటీ అప్పటికి ఎంతో ఆధునికమైన బండి, దానికీ స్క్రూలే. దానికి మూడేళ్ల ముందే, 1995లో వచ్చిన డేవూ సియెలోవి హైడ్రాలిక్ ట్యాపెట్లు. ఫోర్డ్ ఇకాన్‌లో రోక్యామ్ ఇంజన్ ఉన్నవీ, 2007లో వచ్చిన స్విఫ్ట్ డీజిల్‌లోని 1.3 లీటర్ల ఇంజనూ హైడ్రాలిక్కే. అంటే పాత బండి కాబట్టి సాలిడ్, కొత్తది కాబట్టి హైడ్రాలిక్ అన్న లెక్క నిలవదు.

బుల్లెట్ నడిపేవాళ్లకు ఇది ఇంకా బాగా తెలుస్తుంది. పాత క్యాస్ట్ ఐరన్ బుల్లెట్‌కు కుడివైపు చిన్న మూత తీసి, పుష్‌రాడ్ పైకీ కిందికీ ఆడకుండా, వేళ్ల మధ్య మాత్రం తిరిగేలా ట్యాపెట్ పెడతారు. 2008, 2009 ప్రాంతంలో వచ్చిన యూసీఈ ఇంజన్‌తో కంపెనీ హైడ్రాలిక్‌కు మారింది. 2020లో మీటియర్‌తో వచ్చిన కొత్త 350 ఇంజన్‌లో మళ్లీ స్క్రూ ట్యాపెట్లు వచ్చాయి. ఒకే కంపెనీ, ఒకే 350, అటూ ఇటూ రెండు మార్పులు. మోడల్ పేరు చూసి కాదు, ఇంజన్ చూసి చెప్పాలి. ఇంజన్ మార్పిడి జరిగిన పాత కార్లకు ఈ మాట రెండింతలు వర్తిస్తుంది.

ఏదో తేలాక ఏం చేయాలి? హైడ్రాలిక్ అయితే మొదట చేయాల్సింది నూనె చూడటం. మట్టం సరిగ్గా ఉందా, గ్రేడు పుస్తకం చెప్పినదేనా, ఎన్నాళ్లయింది మార్చి? లోపలి దారులు వెంట్రుకంత సన్నవి. మురికి నూనె వాటిని మూసేస్తుంది. నూనె మార్చినా, బండి వేడెక్కినా టకటక ఆగకపోతే అప్పుడు ఆయిల్ ప్రెషర్ కొలిపించండి. ఆ తర్వాతే ట్యాపెట్ మార్చే మాట.

సాలిడ్ అయితే పుస్తకం చెప్పిన అంకె, పుస్తకం చెప్పిన స్థితి రెండూ పాటించండి. కొన్నిటికి చల్లని ఇంజన్ మీద, కొన్నిటికి వేడి ఇంజన్ మీద పెట్టాలి. చప్పుడు పోవాలని గ్యాప్ తగ్గించడం అన్నిటికన్నా పెద్ద తప్పు. నాకు పని నేర్పిన ఉస్తాద్ ఉప్పల్ ఆర్టీసీ వర్క్‌షాప్‌లో బస్సు ఇంజన్ల మీద చేయి తిరిగినవాడు. ఆయన అనేవాడు: “బేటా, సౌండ్ చేసే ట్యాపెట్ చెప్పి చేస్తది. సౌండ్ లేనిది చెప్పకుండ వాల్వ్ తింటది.” ఎల్పీజీ కిట్ వేసిన పాత బండ్లకు ఈ మాట మరీ అవసరం. గ్యాసు మీద నడిచే ఇంజన్‌లో వాల్వ్ సీట్లు త్వరగా అరుగుతాయి. సీటు అరిగిన కొద్దీ వాల్వ్ హెడ్‌లోకి పోతుంది, గ్యాప్ దానంతటదే తగ్గిపోతుంది. బండి నిశ్శబ్దంగా, హాయిగా నడుస్తున్నట్టే ఉంటుంది. నిజానికి వాల్వ్ కాలే దారిలో ఉంటుంది. అలాంటి బండికి పెట్రోలు బండికన్నా ముందే గ్యాప్ చూపించాలి.

15 ఏళ్లు దాటిన సొంత కారుకు రిజిస్ట్రేషన్ రెన్యువల్ చేయించుకుంటేనే రోడ్డు మీదికి అనుమతి. ఆ తర్వాత ఐదేళ్లకోసారి మళ్లీ అదే పని. అంత తిప్పలు పడి నిలుపుకునే బండిని ఒక తప్పుడు బిగింపుకు పోగొట్టుకోవద్దు.

శ్రోతలకు, ముఖ్యంగా షెడ్లలో పని నేర్చుకుంటున్న పిల్లలకు ఒక విన్నపం. ఈసారి కవర్ విప్పి ఏ ట్యాపెట్లో తేల్చుకున్నాక, బానెట్ లోపలి వైపు చెరగని రంగుతో రెండు ముక్కలు రాయండి. సాలిడ్ అయితే ఇన్‌లెట్ గ్యాప్ ఎంత, ఎగ్జాస్ట్ గ్యాప్ ఎంత, చల్లగానా వేడిగానా. హైడ్రాలిక్ అయితే “సెట్టింగ్ లేదు, నూనె చూడు” అని. రేపు ఆ బండి ఏ ఊళ్లో, ఏ మేస్త్రీ చేతిలో పడినా, ఆ రాత చదివాకే స్పానర్ పడుతుంది.